లాంబీ బే, క్యాబిన్ నంబర్ నాలుగు

“పంతొమ్మిది మంది తేలారు వదినా! మీ ఇద్దరితో కలిపి ఇరవై ఒకటి. బీచ్ మొత్తం మనదే!”

రామ్మోహన్ గొంతు ఫోన్లోంచి దూకి వంటింటి గోడలకి కొట్టుకుంది. సుధామయి చేతిలో అట్లకాడ గాల్లోనే ఆగింది. పెనం మీద దోసె మాడటం మొదలైంది. మాడనీ అనుకుంది ఆవిడ.

“ఏ బీచ్?” అంది, తెలిసే.

“ఇంకే బీచ్? లాంబీ బే! ఫిబ్రవరి పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు. మీది నాలుగో క్యాబిన్, మాది మూడోది. పొద్దున్నే మా పద్మ కిటికీలోంచి ఇడ్లీలు అందిస్తుంది. అక్కడ తిండి దొరకదట కదా, రెండు రైస్ కుక్కర్లు లిస్టులో రాసేశాం. నేను స్పీకర్ తెస్తున్నా. పెద్దది. చక్రాలుంటాయి, ఇసకలో కూడా లాక్కెళ్ళొచ్చు. రోజూ సాయంత్రం అంత్యాక్షరి!”

“అక్కడ రాత్రి తొమ్మిది దాటితే కరెంటుండదు రామ్మోహన్.”

“బ్యాటరీ వదినా! పన్నెండు గంటలొస్తుంది.”

సుధామయి ఫోన్ పెట్టేసింది. అరవై అయిదేళ్ళ జీవితంలో ఆవిడకి మనిషిని చంపాలని ఎప్పుడూ అనిపించలేదు. ఇప్పుడు అనిపించింది. కాకపోతే ఎవర్ని చంపాలో తెలియదు. రామ్మోహన్ని చంపి లాభం లేదు. అతను వాళ్ళుండే కేంబ్రిడ్జ్‌లో తెలుగు సంఘానికి కార్యదర్శి. ఎక్కడైనా నలుగురు పోగయ్యే వీలుందని తెలిస్తే చాలు, జాబితా రాయడం, మెనూ వెయ్యడం, మైకు పట్టుకురావడం అతని జబ్బు. జబ్బు మనిషిని ఏం చేస్తాం? అతనికి వార్త మోసిన మనిషి వేరే ఉన్నారు. చంపాల్సింది వాళ్ళని.

ప్రయాణానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆవిడ కుడి చెవి ఆరేళ్ళ కిందటే పోయింది. ఎడమది ఇప్పుడు పోతోంది. మార్చి పద్నాలుగున ఆపరేషన్. “బాగుపడచ్చు, ఉన్నదీ పోవచ్చు,” అన్నాడు సర్జన్, రేపు మంచు పడచ్చు పడకపోవచ్చు అన్నంత తేలిగ్గా. ఆ మాట విన్న రోజే సుధామయి ఒక నిర్ణయానికొచ్చింది. కత్తి పడేలోగా ఒక్క వారం సముద్రం వినాలి. ఉప్పాడలో అలల పక్కన పుట్టి పెరిగిన మనిషి. వేరే చప్పుడు ఏదీ కలవకుండా, ఉత్త సముద్రం. అంతే.

ఆ ‘అంతే’ అన్నది ఆవిడ ఇంట్లో దొరకదు. ఉన్న చెవి కూడా ఎలా తయారైందంటే, ఒకరు మాట్లాడితే వినబడుతుంది, ముగ్గురు ఒకేసారి మాట్లాడితే మిక్సీలో రాళ్ళు పోసినట్టుంటుంది. ఇంట్లో ఎనిమిది మంది. రెండేళ్ళుగా ఊళ్ళోని కాలేజీ విమానాల కొద్దీ పిల్లల్ని దింపుకుంటోంది. వాళ్ళకి గదులున్నాయా అని మాత్రం ఎవరూ అడగలేదు. కాకినాడ నుంచి కరీంనగర్ దాకా ఎవరి పిల్లలు బయల్దేరినా వాళ్ళ చేతుల్లో ఆఫర్ లెటర్‌తో పాటు సుధామయి భర్త ఫోన్ నంబరుంటోంది. ఆయనకి కాదనడం రాదు. “రెండు వారాలే,” అంటాడు. మొదటి రెండు వారాలు మొదలై పద్నాలుగు నెలలైంది. బేస్‌మెంట్‌లో నలుగురు, మేడ మీద ఇద్దరు. రోజుకి ఇరవై ఏడు కుక్కర్ కూతలు. ఆవిడ ఒకరోజు లెక్కపెట్టింది.

అందుకే బీచ్ ఎంచుకోడానికి మూడు నెలలు పట్టింది. పేరున్న చోట్లన్నీ మొదటి రోజే కొట్టేసింది. చేతికి ప్లాస్టిక్ పట్టీ కట్టే రిసార్టులు, నీళ్ళలో డాన్స్ నేర్పే రిసార్టులు, అన్నీ పోయాయి. తర్వాత ఆవిడ ఒక పద్ధతి కనిపెట్టింది. జనం మెచ్చుకున్న బీచ్‌లు చూడడం మానేసి, తిట్టినవి వెతకడం మొదలుపెట్టింది. ఒక్క నక్షత్రం ఇచ్చిన రివ్యూలు మాత్రమే చదివేది.

‘బార్ లేదు. వైఫై లేదు. మ్యూజిక్ లేదు. మోసపోయాం.’ ఇది కాస్త నయం అనుకునేది.

‘రోడ్డు లేదు. పడవ రోజుకి ఒకటే. మా పిల్లలు ఏడ్చారు.’ ఇంకా నయం.

ఆఖరికి దొరికింది. పెద్ద దీవికి తోకలా వేలాడే చిన్న దీవిలో లాంబీ బే. ఏడు చెక్క క్యాబిన్లు. ఎడ్మంటన్ నుంచి వెళ్ళిన ఒకాయన కోపం పట్టలేక రాశాడు: ‘ఇక్కడ చేసేందుకు ఏమీ లేదు. పొద్దస్తమానం సముద్రం హోరు తప్ప ఇంకో చప్పుడు వినబడదు. ఎవరూ రావద్దు.’

సుధామయి ఆ ముక్క నాలుగుసార్లు చదువుకుంది. ఆయన ఎవరో గానీ దేవుడు.

ఈ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. ఆవిడ, ఆవిడ భర్త, బేస్‌మెంట్‌లో ఉండే తేజశ్రీ. కరీంనగర్ పిల్ల. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి గోడౌన్లో పని. ల్యాప్‌టాప్ ముందు కూచుని టికెట్లు, క్యాబిన్ బుక్ చేసి పెట్టింది ఆ అమ్మాయే.

మాడిన దోసె చెత్తలో పడేసి, సుధామయి ముందు భర్త దగ్గరికి వెళ్ళింది. ఆయన హాల్లో కూచుని పేపరు చదువుతున్నాడు.

“ఏవండీ, లాంబీ బే సంగతి ఊరంతా తెలిసిపోయింది. పంతొమ్మిది మంది వస్తున్నారు. స్పీకర్‌తో సహా.”

పేపరు కిందకి దిగలేదు. “అలాగా.”

“అలాగా ఏంటి? ఎవరు చెప్పారో తేల్చొద్దూ?”

“ఎవరైతే ఏంలే సుధా. అయిందేదో అయింది.”

“అయిందేదో అవడమేంటి? మీరు ఎవరికన్నా చెప్పారా?”

“నేను ఏ మనిషికీ చెప్పలేదు,” అన్నాడాయన, పేపరు వెనకాల నుంచే. ఆయన అబద్ధమాడడు. నలభై రెండేళ్ళ కాపురంలో ఆవిడకి బాగా తెలిసిన విషయం అది. వంతెనలు కట్టిన ఇంజనీరు. అంకె తప్పు చెప్పడు, మాట తప్పు చెప్పడు.

తర్వాత బేస్‌మెంట్. తేజశ్రీ గోడౌన్ బూట్లు వేసుకుంటోంది.

“నేనెందుకు చెప్తా ఆంటీ? మీరు చెప్పొద్దన్నరు, నేను చెప్పలే. మా అమ్మ మీద ఒట్టు.”

“మరి రామ్మోహన్‌కి క్యాబిన్ నంబరు దాకా ఎలా తెలిసిందే?”

“ఆ అంకుల్నే అడుగుండ్రి. ఇంతకీ ఆంటీ, బుకింగ్ కాడ మీరు చేసిన పని యాదికుందా? ఆ కంపెనీ ఆమె ‘హస్బెండ్ నేమ్’ అంటే ఫోన్ నాకిచ్చి బాత్రూంలకు ఉరికిన్రు.” అంటూ తేజశ్రీ పకపకా నవ్వింది.

అది నిజమే. సుధామయి భర్త పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పింది. ఆవిడ దాన్ని నమ్మదు. అయినా పలకదు. ఎనభై ఆరులో వీసా ఇంటర్వ్యూలో ఆఫీసరు అడిగితే పాస్‌పోర్టు తెరిచి పేరు మీద వేలు పెట్టి చూపించింది. “పలికి చూడు, చస్తానేమో తేలిపోద్ది,” అని ఆయన ఎన్నిసార్లు ఆటపట్టించాడో లెక్కలేదు. ఆయన ఊరందరికీ తెలిసిన నాస్తికుడు. శనివారాలు ఆవిడని గుడికి కార్లో దింపుతాడు గానీ లోపలికి రాడు. పన్నెండింటికి భోజనాల హాలుకి మాత్రం వస్తాడు. “నా గొడవ దేవుడితో. పులిహోరతో కాదు,” అంటాడు.

శుక్రవారం పొద్దున్నే సుధామయి రామ్మోహన్‌కి ఫోన్ చేసింది.

“ఒక్కటే అడుగుతాను, సూటిగా చెప్పు. మా ప్రయాణం సంగతి నీకెవరు చెప్పారు?”

“పద్మ చెప్పింది వదినా.”

“పద్మకి?”

“శనివారం గుళ్ళో విన్నదట. మైకులో.”

“మైకులోనా?”

“అవును వదినా. మీ పేరు మీద అర్చన చేయించారట కదా? పంతులు గారు సంకల్పంలో అన్నీ చదివేశారు. గోత్రం, పేరు, లాంబీ బే, తేదీలు, క్యాబిన్ నంబరు, విమానం నంబరు. ఆరోజు హాల్లో రెండొందల మందుంటారు. అంతమందికీ చెప్పారంటే అందర్నీ రమ్మన్నట్టే కదా అని మేమే చొరవ తీసుకున్నాం.”

పోయిన శనివారం ఆవిడ గుడికి వెళ్ళనే లేదు. బయట గడ్డకట్టే చలి. ఎడమ చెవిలో పోటు. దుప్పటి కప్పుకుని పడుకుంది.

“వదినా, నా మాట వింటే, మీ బేస్‌మెంట్ పిల్లే ఆ చీటీ ఇచ్చుంటుంది,” అన్నాడు రామ్మోహన్ గొంతు తగ్గించి. “ఈ స్టూడెంట్లందరూ శనివారం శనివారం గుళ్ళో భోజనానికి వస్తారు కదా. మీ దగ్గర మంచి అనిపించుకుందామని చేసుంటుంది.”

సుధామయి ఫోన్ పెట్టేసింది. అయ్యుండచ్చు. తేజశ్రీకి తేదీలు తెలుసు, క్యాబిన్ తెలుసు, విమానం తెలుసు. మా అమ్మ మీద ఒట్టు అంది. అయినా ఆ పిల్ల ఒట్టు పెట్టింది ఎవరికీ చెప్పలేదని. దేవుడికి చెప్పలేదని కాదు.

ఒక్క దారే మిగిలింది. గుడికి ఫోన్ చేసింది.

పంతులు శేషగిరి శర్మ గారు మంచివారు. ఆయన సిద్ధాంతం ఒకటే. భక్తులు రాసింది అక్షరం పొల్లుపోకుండా చదవాలి, మధ్యలో మింగేస్తే దోషం. పోయిన ఏడాది ఎవరో ఇన్‌కమ్ టాక్స్ ఆడిట్ గట్టెక్కాలని రాస్తే, ఫైలు నంబరుతో సహా మైకులో చదివారు.

“చీటీ కాదమ్మా, ఆన్‌లైన్ ఫారం. పంపినవాళ్ళ పేరు దగ్గర ‘చెప్పదలుచుకోలేదు’ అని ఉంది. ఉండండి, టాబ్లెట్ తీస్తాను... ఆ, ఇదిగో. ఇంత వివరంగా ఎవరూ రాయరు తల్లీ. లాంబీ బే పక్కన అక్షాంశం, రేఖాంశం కూడా ఇచ్చారు. అవి కూడా చదివాను.”

“మొత్తం ఒకసారి చదవండి పంతులు గారూ. నెమ్మదిగా. నాకు ఒక్క చెవే పనిచేస్తుంది.”

ఆయన గొంతు సవరించుకున్నారు. అలవాటు కొద్దీ రాగం వచ్చేసింది. “భారద్వాజ గోత్రోద్భవాయాః, పూర్వాషాఢా నక్షత్రే జాతాయాః, సుధామయీ నామధేయాయాః...”

“ఆగండి. ఏ నక్షత్రం?”

“పూర్వాషాఢ. అలాగే రాశారు. నాకూ అనుమానం వచ్చిందమ్మా. మీరు వచ్చినప్పుడల్లా మూల అనే కదా చెప్తారు?”

సుధామయి కుర్చీ వెతుక్కుని కూచుంది.

మూలే. పుట్టింది మూలా నక్షత్రంలోనే. ఆ నక్షత్రంలో పుట్టిన పిల్ల మామగారికి గండమని మూడు సంబంధాలు తప్పిపోయాయి. ఎనభై ఒకటిలో నాలుగోది వచ్చినప్పుడు వాళ్ళ నాన్న పుట్టిన టైముని గంటన్నర ముందుకి జరిపి, మూలని పూర్వాషాఢ చేసి, కొత్త జాతకం రాయించాడు. పెళ్ళయిపోయింది. మామగారు తొంభై ఒకటో ఏట, అదీ ఒక్క పూట ఏడు బంగినపల్లి మామిడిపళ్ళు తిని పోయారు. గండం సంగతి అలా తేలిపోయింది గానీ అబద్ధం మాత్రం అలాగే ఉండిపోయింది. గుళ్ళో పంతులు గారికి మూల అని తెలుసు. చెల్లెళ్ళకి తెలుసు. తేజశ్రీకి అసలు ఆవిడకొక నక్షత్రం ఉందనే తెలియదు. సుధామయిని పూర్వాషాఢ అనుకునేవాళ్ళు అత్తగారు, మామగారు, ఇంకొకరు. ఇద్దరు పోయారు.

ఆ ఇంకొకరు ఇప్పుడు హాల్లో పేపరు చదువుతున్నారు. నేను ఏ మనిషికీ చెప్పలేదు అన్నారు. నిజమే. ఇంజనీరు గారు మాట తప్పు చెప్పలేదు.

“అమ్మా, లైన్లో ఉన్నారా?” అన్నారు పంతులు గారు. “చివర ఒక ముక్కుంది. సొంత తెలుగులో రాసుకున్నారు. అది మైకులో చదవబుద్ధి కాలేదు. మీకు చదవమంటారా?”

“చదవండి.”

“‘ఆపరేషన్ తర్వాత ఈమెకి వినబడాలి. కనీసం ఎడమ చెవి. సముద్రం, మనుషులు, రెండూ.’ కింద ‘అత్యవసరం’ అని టిక్ పెట్టారు.”

ఫోన్ ఇంకా సుధామయి చెవి దగ్గరే ఉంది. అవతల పంతులు గారు పెట్టేసి ఎంతసేపైందో కూడా ఆవిడకి తెలియదు. ఏడుపొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది. నలభై రెండేళ్ళు దేవుణ్ణి తిట్టిన మనిషి, తీరా మొక్కితే అక్షాంశ రేఖాంశాలతో మొక్కాలా? దేవుడికి దారి తెలియదనుకున్నాడా?

లేచి ల్యాప్‌టాప్ తీసింది. తన పాత జాబితాలో లాంబీ బే తర్వాత రెండో పేరు చూసింది. దానికి ఉన్నవి రెండే రివ్యూలు. రెండింటికీ ఒక్కో నక్షత్రమే. ఈసారి తేజశ్రీని పిలవలేదు. తప్పులు కొట్టుకుంటూ, దిద్దుకుంటూ గంటన్నర కూచుని అన్నీ తనే మార్చింది. రెండు సీట్లు. తేదీలు అవే.

ఆదివారం మధ్యాహ్నం సంఘం మీటింగ్ సుధామయి ఇంట్లోనే పెట్టారు. ఇల్లు పెద్దది కదా అని రామ్మోహనే నిర్ణయించాడు. పంతొమ్మిది మంది వచ్చారు. పులిహోర కమిటీ సోఫాలో, ఆటల కమిటీ నేల మీద. రామ్మోహన్ స్పీకర్‌ని మంచు బూట్ల మధ్య నుంచి హాల్లోకి లాక్కొచ్చి, “హలో, హలో, వన్ టూ త్రీ,” అన్నాడు. సుధామయి చెవిలో మిక్సీ తిరగడం మొదలైంది.

ఆవిడ నడిచి వెళ్ళి స్పీకర్ బటన్ నొక్కింది. మిక్సీ ఆగింది.

“మీరంతా హాయిగా లాంబీ బే వెళ్ళిరండి,” అంది. “నేను రావడం లేదు. నా టికెట్ మార్చుకున్నాను.”

“అదేంటి వదినా! మీకోసమే కదా మేం వస్తోంది!” అన్నాడు రామ్మోహన్.

“మేమేం తప్పు చేశామని?” అంది పద్మ. ఆమె మొహం చిన్నబోయింది.

“తప్పేం లేదు పద్మా. వచ్చే నెల నా చెవికి కత్తి పెడుతున్నారు. తర్వాత వినబడుతుందో లేదో వాళ్ళకే తెలియదు. ఈలోగా ఒక్క వారం సముద్రం చప్పుడు వినాలనుకున్నాను. మీ పాటలు బావుంటాయి. సముద్రం మీద మాత్రం వద్దు.”

పద్మ లేచి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. రామ్మోహన్ స్పీకర్ వైపు చూశాడు, దాన్ని తనే కన్నట్టు సిగ్గుపడుతూ. పాపం మంచివాడే. కానీ మంచివాడికి సిగ్గేస్తే ఎవరో ఒకరి మీద తోసెయ్యాలి.

“మాకు ఇదంతా తెలియదు వదినా. తెలిస్తే వచ్చేవాళ్ళమా? ఆ చీటీ ఇచ్చినవాళ్ళననాలి.” వంటింటి గుమ్మంలో టీ ట్రేతో నిలబడ్డ తేజశ్రీ వైపు వేలు చూపించాడు. “ఏమ్మా, నీడ ఇచ్చిన ఇంటి గుట్టు మైకుకి ఎక్కిస్తావా? వదినా, ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమనండి. గదులు లేక మీ ఇంటి ముందు క్యూ కట్టే పిల్లలు బోలెడుమంది.”

తేజశ్రీ ట్రేలోని కప్పులు బల్ల మీద దింపేసింది. “నేను కాదు అంకుల్! నాకు అర్చన ఎట్ల చేపిస్తరో గూడ తెల్వదు!”

“ఇంకెవరు మరి? తెలిసిన మూడోమనిషివి నువ్వే కదా!”

కిటికీ దగ్గర పేపరు కదిలింది. ఒక దగ్గు వినబడింది. “రామ్మోహన్, ఆ పిల్లనేమనకు. అసలు సంగతేంటంటే...” అని మొదలుపెట్టి ఆగిపోయాడాయన. ఇరవై మంది ముందు నాస్తికుడిగా నిలబడటం ఆయనకి అలవాటే. భక్తుడిగా నిలబడటం మొదటిసారి.

“మీరు కూచోండి,” అంది సుధామయి. “నేను చెప్తాను. ముందు నా తప్పు. నాది పూర్వాషాఢ కాదు. మూల. పెళ్ళికోసం మా నాన్న మార్చాడు. ఈ సంగతి నేను ఒక్క మనిషి దగ్గర దాచాను. ఆ అర్చన చేయించిన మనిషి పూర్వాషాఢ అని రాసుకొచ్చాడు.”

పేపరు మెల్లగా కిందకి దిగింది. దాని వెనక మొహం తెల్లబోయి ఉంది. “మూలా?” అన్నాడాయన, చిన్నపిల్లాడిలా.

“అంటే ఎవరు వదినా?” రామ్మోహన్‌కి ఇంకా అర్థం కాలేదు.

“చెప్తాను. కొత్త చోటుకి రెండు సీట్లు తీశాను. ఒకటి నాది. రెండోది నా చెవికోసం దేవుడికి అక్షాంశ రేఖాంశాలు రాసిచ్చిన మనిషిది. వారం రోజులు నోరు మూసుకుని నా పక్కన కూచోవాలి. అదే శిక్ష. ఊరి పేరు విమానం ఎక్కేదాకా చెప్పను. చెప్తే మళ్ళీ ఇంకో ఫారం నింపుతాడు.”

“పేరు చెప్పుండ్రి ఆంటీ!” అంది తేజశ్రీ, ఖాళీ ట్రే గుండెకి హత్తుకుని.

సుధామయి భర్త వైపు తిరిగింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. వద్దన్నట్టు చెయ్యి కాస్త లేచింది. పలికితే చస్తానేమో తేలిపోద్ది అని నలభై రెండేళ్ళు నవ్విన మనిషి, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. హాల్లో గడియారం చప్పుడు తన ఒక్క చెవికీ స్పష్టంగా వినబడుతోంది.

“వీరభద్రరావు,” అంది.